పాల తేటతో కోవా, కొండ అంచున ఆపిల్: నార్వే ఫియోర్డుల్లో అమ్మతో ఏడు రోజులు

అమ్మ మా స్టాక్‌హోమ్ ఇంటికొచ్చి నెల దాటింది. ఒకరోజు కాఫీ తాగుతూ, "ఏమే, ఈ చుట్టుపక్కల నీళ్లు బాగుండే చోటు ఏదైనా ఉంటే చూపించు. ఈ మేడలూ మ్యూజియాలూ చాలు" అంది. అమ్మది కోనసీమ. పుట్టడం, పెళ్లి, ముప్పై రెండేళ్ల టీచరు ఉద్యోగం, అన్నీ గోదావరి పాయల మధ్యే గడిచాయి. నీళ్ల విషయంలో ఆవిడని మెప్పించడం తేలిక కాదు. అందుకే నార్వే పడమటి తీరానికి తీసుకెళ్లాలనుకున్నాను. సెప్టెంబర్ మొదటి వారం ఎంచుకున్నాం. వేసవి జనం తగ్గుతారు, చలి ఇంకా ముదరదు, ఆపిల్ కోతలు మొదలవుతాయి.

ఏడు రోజులకి సామాను సర్దుతుంటే అమ్మ చిన్న కుక్కరు, రెండు కిలోల బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా పెట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కూడా పెట్టబోతే నలిగిపోతాయన్నాను. "చేత్తో పట్టుకుంటాలే" అంది.

మొదటి రోజు, సోమవారం: ఓస్లో నుంచి ఫ్లోమ్

ఆదివారం రాత్రికే ఓస్లో చేరి, పొద్దున్నే బెర్గెన్ రైలెక్కాం. 1909లో పూర్తయిన లైను ఇది. మొదటి రెండు మూడు గంటలు అడవులు, సరస్సులు, ఎర్ర రంగు చెక్క ఇళ్లు. తర్వాత చెట్లు పొట్టివై, ఇంకాస్త పైకెళ్లాక కనిపించడమే మానేశాయి. ఫిన్సె స్టేషను 1,222 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ కిటికీలోంచి చూస్తే నాచు, రాళ్లు, దూరంగా మంచు. సెప్టెంబర్ ఎండలో మంచు కరగకుండా ఉండటం చూసి అమ్మ ఫోను తీసి మా పిన్నికి వీడియో కాల్ చేసింది.

మిర్దాల్‌లో దిగి ఫ్లోమ్ రైలు ఎక్కాలి. 20 కిలోమీటర్ల దారిలో ఈ రైలు 860 మీటర్లకి పైగా కిందికి దిగుతుంది. దారిలో 20 సొరంగాలు. మధ్యలో చోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. అక్కడ ఎర్ర గౌనులో ఒకమ్మాయి అడవి మోహిని వేషం కట్టి రాళ్ల మీద నాట్యం చేస్తుంది. నాకు ఆ నాట్యం అంతగా పట్టలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ రెండు నిమిషాల్లో తుంపర్లు అమ్మ చీర కొంగుని తడిపేశాయి, అది మాత్రం ఇంకా కళ్ల ముందే ఉంది.

ఫ్లోమ్‌లో ఉండేది కొన్ని వందల మందే. రేవులో పెద్ద క్రూజ్ ఓడ ఆగిందంటే ఊరి జనాభాకి ఎన్నో రెట్లు మనుషులు ఒక్కసారి దిగుతారు. మేం వెళ్లేసరికి ఓడ ఉంది. దుకాణాల దగ్గర తిరునాళ్లలా ఉంటే, ఒడ్డు వెంబడి కొంచెం దూరం నడిచాం. ఐదు నిమిషాల్లో జనం సందడి తగ్గిపోయింది. అమ్మ చెప్పులు విప్పి, వంగి, నీళ్లు దోసిట్లోకి తీసుకుని నాలుకకి తగిలించింది.

"సముద్రం అన్నావు కదే? ఇదేంటి, సగం ఉప్పు సగం మంచినీళ్లు. మన అంతర్వేదిలా ఉంది."

ఫియోర్డ్ గురించి నేను పుస్తకాల్లో చదివిందంతా అమ్మ నాలుకకి ఒక్క చుక్కతో తెలిసిపోయింది. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని అడుగంటా తొలిచేశాయి. మంచు కరిగాక సముద్రం ఆ లోయల్లోకి వచ్చి నిండింది. కొండల మీది నుంచి దిగే మంచినీళ్లు తేలిక కాబట్టి పైన పొరగా నిలుస్తాయి, ఉప్పునీళ్లు కింద ఉంటాయి. మేం నిలబడ్డ నీళ్లు సోగ్నె ఫియోర్డ్ తాలూకు ఒక పాయ. సముద్రం నుంచి లోపలికి 200 కిలోమీటర్లకి పైగా చొచ్చుకొచ్చిన ఆ ఫియోర్డ్ లోతు ఒకచోట 1,308 మీటర్లు. సముద్రంలో కలిసే మూతి దగ్గర మాత్రం వంద మీటర్ల చిల్లరే. బరువైన మంచు లోపల లోతుగా తవ్వి, తీరం చేరేసరికి పలచబడి, అక్కడ గడపలా రాతిని వదిలేసింది.

రాత్రి చెక్క ఇంట్లో అన్నం, పప్పు, ఆవకాయ. ఇక్కడ బయట ఒక గిన్నె చేపల సూప్ 200 క్రోనర్లు దాటుతుంది. క్రోనర్ అంటే అప్పట్లో సుమారు 8 రూపాయలు. అందుకని రోజుకి ఒక పూట మాత్రమే బయట తిందామనీ, తినేదేదో ఆ ఊరిదే అయ్యుండాలనీ ఇద్దరం అనుకున్నాం.

రెండో రోజు, మంగళవారం: ఉండ్రెదాల్

ఈ యాత్రలో ఒక్క రోజే మళ్లీ గడపొచ్చు అంటే నేను ఈ రోజునే కోరుకుంటాను.

ఫ్లోమ్ నుంచి టాక్సీలో ఒక పొడవాటి సొరంగం దాటాక, ఇంకో సొరంగం మొదలయ్యే లోపు ఒక సన్నటి రోడ్డు కిందికి తిరుగుతుంది. ఆ రోడ్డు చివర నీళ్ల ఒడ్డున ఉండ్రెదాల్. ఈ ఊరికి రోడ్డు 1988లో వచ్చింది. అంతకుముందు రావాలన్నా పోవాలన్నా పడవే. జనం వంద మంది కూడా ఉండరు, మేకలు వందల్లో ఉంటాయి. టాక్సీ దిగగానే ముందు వినిపించింది మేకల మెడల్లో గంటలే.

నార్వేలో సాగుకి పనికొచ్చే నేల మొత్తం దేశంలో నూటికి మూడు వంతులే. ఇలాంటి చోట్ల అదీ లేదు. ఇంటి వెనక నుంచే కొండ గోడలా లేస్తుంది. ఆవు నిలవలేని చోట మేక నిలుస్తుంది. అందుకే ఈ లోయ వాళ్లు మేకల్ని నమ్ముకున్నారు. వేసవిలో మందల్ని కొండ మీది గడ్డి మైదానాలకి తోలుకెళ్లి, అక్కడే గుడిసెల్లో ఉండి, పాలు పితికి, జున్ను చేసి కిందికి మోసుకొచ్చేవాళ్లు. ఆ మేకలు మేయడం వల్లే కొండవాలులు ఇప్పటికీ పచ్చిక బయళ్లుగా కనిపిస్తున్నాయి. మేపడం ఆపేస్తే కొన్నేళ్లలో బర్చ్ పొదలు కమ్మేస్తాయి. మనం ఫొటోలు తీసుకునే ఆ అందంలో సగం మేకల పని.

రేవు దగ్గర జున్ను అమ్మే దుకాణంలో ఒక నడివయసు ఆవిడ మా ఆసక్తి చూసి, వెనక వైపు ఉన్న చిన్న షెడ్డులోకి రమ్మంది. లోపల పెద్ద స్టీలు బాన, అందులో లేత పసుపు నీళ్లు మరుగుతున్నాయి. షెడ్డంతా కాగిన పాల కమ్మదనం, దాని వెనక మేక వాసన. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను అమ్మకి తెలుగులో చెబుతున్నాను, కానీ కాసేపటికి నా అవసరం లేకుండా పోయింది. పాలు తోడుపెట్టి విరగ్గొడతారు. ముద్దని తీసి తెల్ల జున్ను చేస్తారు. మిగిలిన తేట నీళ్లని పారబొయ్యరు. గంటల తరబడి మరిగిస్తారు. నీరంతా ఆవిరై, పాలలోని చక్కెర అడుగున ఎర్రబడుతూ, చివరికి గోధుమ రంగు ముద్ద అవుతుంది. దాన్నే బ్రూనోస్ట్ అంటారు, అంటే గోధుమ రంగు జున్ను.

పక్కనే ఇంకో పాత్రలో, పొద్దున్నే మొదలుపెట్టిన వంతు దగ్గరపడుతోంది. పెద్ద చెక్క గరిటెతో ఆవిడ తిప్పుతోంది. మొదట గరిటె వెనక గీత పడి వెంటనే మూసుకుంటోంది. కాసేపటికి ఆ గీత నిలబడటం మొదలైంది. బుడగలు పెద్దవై, బద్ధకంగా పగిలి, పగిలిన చోట చిన్న గుంట మిగులుతోంది. రంగు ముందు చెరకు పానకంలా, తర్వాత తేనెలా, ఆ తర్వాత పాత బెల్లంలా మారింది. మంట ఆపాక కూడా ఆవిడ గరిటె ఆపలేదు.

"పొయ్యి ఆపేశాక కూడా తిప్పుతోందేంటి?" అన్నాను.

"లేకపోతే పలుకు కడుతుందే. కోవా అయినా అంతే" అంది అమ్మ, ఆవిడ చేతుల మీంచి చూపు తిప్పకుండా.

అడిగితే ఆవిడ చెప్పిన కారణం అచ్చం అదే. చల్లారేటప్పుడు తిప్పడం ఆపితే పాల చక్కెర ఇసుకలా గట్టిపడుతుంది, నోట్లో గరగరలాడుతుంది. కాసేపటికి గరిటె అమ్మ చేతికొచ్చింది. ఇద్దరూ ఒకే వయసు కాదు, భాషా కలవదు, అయినా బాన మీదికి ఒకేలా వంగారు. బయల్దేరేటప్పుడు అమ్మ "థాంక్యూ అండి" అంది. ఆ "అండి" ఆవిడకి అర్థం కాలేదు గానీ, మర్యాద మాత్రం అందినట్టే తల వంచి నవ్వింది.

రుచి సంగతి. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే పాలకోవా. రెండు క్షణాలకి ఉప్పు. మింగాక గొంతులో మేకపాల ఘాటు. దీన్ని చాకుతో కొయ్యరు. మధ్యలో చీలిక ఉన్న చదునైన గరిటెలాంటి పనిముట్టుతో, ఉల్లిపొరంత పల్చగా లాగుతారు. 1925లో ఒక నార్వే వడ్రంగి తన చిత్రిక చూసి తయారుచేసినది అది. అంత పల్చగా ఎందుకంటే, మందపాటి ముక్క నోటికి అంటుకుని మొహం మొత్తుతుంది. పల్చటి పొర వేడి రొట్టె మీద మెత్తబడి కరుగుతుంది. ఈ జున్నులో ఎంత కొవ్వు, ఎంత చక్కెర ఉంటాయో చెప్పడానికి ఒక సంగతి: 2013 జనవరిలో నార్వే ఉత్తరాన ఒక సొరంగంలో 27 టన్నుల బ్రూనోస్ట్ తీసుకెళ్తున్న లారీ అంటుకుంటే, ఆ మంట రోజుల తరబడి ఆరలేదు.

ఊళ్లో తెల్లటి చిన్న చర్చి ఉంది. 1147 నాటిదని చెబుతారు, నిలువు చెక్క స్తంభాలతో కట్టే పాత పద్ధతి కట్టడం. కూర్చోవడానికి నలభై చోట్లే. పైకప్పు మీద నక్షత్రాలు, దేవదూతలు గీశారు. మా ఊరి రామాలయం మండపం ఇంతకంటే పెద్దది. అమ్మ కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది.

సాయంత్రం ఔర్‌లాండ్ పైన స్టేగస్టైన్ అనే చోటికి బస్సులో వెళ్లాం. 650 మీటర్ల ఎత్తులో కొండలోంచి 30 మీటర్లు బయటికి పొడుచుకొచ్చిన చెక్క వంతెన అది. చివర గాజు పలక తప్ప ఇంకేం లేదు. అమ్మ మధ్యలోనే ఆగి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దృశ్యం గొప్పదే. కానీ పై నుంచి చూస్తే ఉండ్రెదాల్ వాసన తెలియదు.

మూడో రోజు, బుధవారం: నేరోయ్ ఫియోర్డ్

ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్‌కి రెండు గంటల పడవ. పొద్దుటి మొదటి పడవ ఎక్కమని ఎవరికైనా గట్టిగా చెబుతాను. క్రూజ్ ఓడ జనం అప్పటికి దిగరు, వెలుగు పక్కవాటుగా పడుతుంది.

ఇక్కడ 2018 నుంచి పూర్తిగా బ్యాటరీతో నడిచే పడవ ఉంది. ఇంజను రొద లేకపోవడం అంటే ఏమిటో ఎక్కేదాకా ఊహించలేకపోయాను. ముందు కొండ మీద జలపాతం కనిపిస్తుంది, పడవ దగ్గరికెళ్లే కొద్దీ దాని చప్పుడు పెరుగుతుంది, దాటాక తగ్గిపోతుంది. ఒక్కొక్క జలపాతం ఒక్కొక్క గొంతుతో పలకరించినట్టు. పెద్ద ఓడల పొగ ఈ ఇరుకు లోయల్లో గాలి ఆడక అలాగే నిలిచిపోయేది. దాంతో ప్రపంచ వారసత్వ జాబితాలోని ఫియోర్డుల్లోకి పొగ వదలని నౌకలే రావాలని నార్వే పార్లమెంటు 2018లో తీర్మానించింది. చిన్న నౌకలకి 2026, పెద్దవాటికి 2032 గడువు. నేరోయ్ ఫియోర్డ్ ఆ జాబితాలో 2005లో చేరింది.

ఔర్‌లాండ్ పాయలోంచి పడవ ఎడమకి తిరిగితే నేరోయ్ మొదలు. పొడవు 17 కిలోమీటర్లు. వెడల్పు పోను పోను తగ్గి ఒకచోట 250 మీటర్లే మిగులుతుంది. రెండు వైపులా కొండలు వెయ్యి మీటర్లు దాటి లేచి, ఆకాశం సన్నటి రిబ్బనులా అయిపోతుంది. మన పాపికొండల దగ్గర గోదావరి ఇరుకైనప్పుడు పడవలో అందరూ ఒక్కసారి మాటలు ఆపేస్తారే, ఇక్కడా అదే జరిగింది. తేడా ఒకటే. పాపికొండలు చెట్లతో కప్పుకున్న మెత్తటి కొండలు. ఇవి నగ్నమైన రాళ్లు. మంచు గీసిన గీతలు వాటి ఒంటి మీద ఇప్పటికీ ఉన్నాయి.

దారిలో ఔర్‌లాండ్ పాయ ఒడ్డున కొండ మీద ఒంటరిగా ఒక పొలం చూపించారు. పేరు స్టీగెన్, అంటే నిచ్చెన. పన్ను వసూలు చేసేవాళ్లు వస్తున్నారని తెలిస్తే ఆ ఇంటివాళ్లు నిచ్చెన పైకి లాగేసేవాళ్లని కథ. అందరూ నవ్వారు. అమ్మ మాత్రం ఆ చారెడు పచ్చిక వైపు చూస్తూ, "ఆ పిల్లలు బడికి ఎలా వెళ్లేవారో" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

గుద్వాంగెన్ నుంచి బస్సులో వోస్ చేరాం. అక్కడ మేం తీసుకున్న గదిలో వంటిల్లు ఉందని బుకింగ్‌లో స్పష్టంగా రాశారు. వెళ్లి చూస్తే ఒక కెటిల్ మాత్రమే ఉంది. ఫోను చేస్తే పొరపాటున రాశామన్నారు, డబ్బు తిరిగివ్వడం గురించి ఒక్క మాటా లేదు. అమ్మకి మాత్ర వేసుకునే ముందు అన్నం పడాలి. ఆ రాత్రి నాకు చాలా టెన్షన్ అయింది. చివరికి రొట్టె, ఉండ్రెదాల్ జున్ను, పెరుగు తిని పడుకున్నాం.

నాలుగో రోజు, గురువారం: వోస్

వంటిల్లు లేకపోవడం వల్ల గురువారం మధ్యాహ్నం బయట తినాల్సొచ్చింది. పడమటి నార్వేలో గురువారం అంటే రాస్పెబాల్ రోజు. చాలా హోటళ్లలో ఆ రోజే చేస్తారు. పచ్చి బంగాళాదుంపని కోరి, నీళ్లు పిండి, బార్లీ పిండి కలిపి, గుప్పెడంత ఉండలు చేసి, ఉప్పులో ఊరబెట్టిన గొర్రె మాంసం ఉడికిన నీళ్లలో ఉడికిస్తారు. పక్కన పసుపు రంగు దుంప ముద్ద, పైన కరిగిన కొవ్వు. మన కుడుముకి అన్నలాంటిది, బరువుగా కడుపులో కూర్చుంటుంది. అమ్మ ఒకటిన్నర తిని, సంచిలోంచి ఆవకాయ చుక్క తీసి మిగతా సగం ముగించింది. నా అభిప్రాయంలో అలాగే బాగుంది.

వోస్‌కి ఇంకో పేరున్న వంట స్మాలహోవె, గొర్రె తల. బొచ్చు కాల్చి, ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి, ఆరనిచ్చి, గంటలకొద్దీ ఉడికిస్తారు. చెవి, కన్ను వేడి మీదే ముందు తినాలంటారు, ఎందుకంటే వాటి చుట్టూ ఉన్న కొవ్వు చల్లారితే గడ్డకడుతుంది. దాని అసలు సీజను చలి మొదలయ్యాక, క్రిస్మస్ ముందు. మేం తినలేదు. "తల కాల్చి చేసే కూర మనకి కొత్తేంటి" అని, మా తాతయ్య ఇంట్లో తలకాయ కూర వండే రోజు ఎవరెవరు పొయ్యి దగ్గర కాపలా కాసేవారో అమ్మ పేరు పేరునా చెప్పింది.

సాయంత్రం సరస్సు పక్క అడవిలో నడిస్తే నేలంతా బ్లూబెర్రీ పొదలు. అమ్మ వెనక్కి తగ్గి, "ఎవరిదో ఏంటో, అడక్కుండా కొయ్యకూడదు" అంది. ఇక్కడ అడవుల్లో, కొండల మీద ఎవరైనా నడవొచ్చు, అడవి పళ్లు కోసుకోవచ్చు. 1957లో చట్టమే చేశారు. అది విన్నాక అమ్మ కొంగు నడుముకి దోపింది. చీకటి పడేదాకా కోశాం. చేతివేళ్లు రెండు రోజులు నేరేడు రంగులోనే ఉన్నాయి.

ఐదో రోజు, శుక్రవారం: లోఫ్ట్‌హూస్

వోస్ నుంచి హార్డాంగర్ అనే ఇంకో ఫియోర్డ్ వైపు వెళ్లే బస్సు కొండ లోపలికి దూరి, లోపలే నీలి దీపాలు వెలిగే ఒక రౌండ్‌అబౌట్ చుట్టూ తిరిగి, ఒక్కసారిగా వంతెన మీదికి వస్తుంది. 2013లో తెరిచిన హార్డాంగర్ వంతెన అది. రెండు స్తంభాల మధ్య 1,310 మీటర్లు ఏ ఆసరా లేకుండా వేలాడుతుంది. వంతెన దిగగానే మళ్లీ కొండ లోపలికి.

లోఫ్ట్‌హూస్‌లో కొండకీ నీళ్లకీ మధ్య ఉన్న సన్నటి అంచు మొత్తం తోటలే. ఆపిల్, పియర్, ప్లమ్, చెర్రీ. ఉత్తరాన 60వ అక్షాంశం దగ్గర, అలాస్కాకి సమానమైన చోట పళ్లతోటలేంటి అనిపిస్తుంది. పడమటి తీరాన్ని తాకే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ఫియోర్డ్ గడ్డకట్టదు. పగలు తీసుకున్న వేడిని నీళ్లు రాత్రి నెమ్మదిగా వదులుతాయి. వెనక కొండలు చలిగాలిని ఆపుతాయి. వేసవిలో పగలు పద్దెనిమిది, పందొమ్మిది గంటలు, రాత్రులు చల్లన. దాంతో ఆపిల్ నిదానంగా పండుతుంది, పులుపు పోగొట్టుకోకుండా తీపెక్కుతుంది. మధ్యయుగంలో, 13వ శతాబ్దం నుంచి, బెర్గెన్ దగ్గరి మఠం సన్యాసులు ఈ ఒడ్డున పళ్లతోటల పని నేర్పారంటారు. కొండ మీదికి వాళ్లు పేర్చారని చెప్పే రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ కూర్చుని స్వరాలు కట్టిన చిన్న చెక్క గది కూడా ఈ ఊళ్లోనే ఉంది. చూశాం, ఒక బల్ల, ఒక పియానో, కిటికీలో ఫియోర్డ్.

ఊళ్లో నడుస్తుంటే ఒక ఇంటి గేటు దగ్గర చెక్క బల్ల, దాని మీద కాగితం సంచుల్లో ఆపిళ్లు, ప్లమ్ పళ్లు. మనిషి లేడు. డబ్బు ఫోనులో కట్టమని ఒక నంబరు రాసి ఉంది. ఆ యాప్ మా దగ్గర లేదు, చేతిలో నార్వే నగదూ లేదు. అమ్మ ఒక సంచి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టేసింది. తోటలోంచి ఒకావిడ ఇది చూసి వచ్చింది. విషయం చెబితే సంచి అమ్మ చేతిలో పెట్టి, తీసుకెళ్లండి అని సైగ చేసింది.

"ఊరికే ఎలా తీసుకుంటామే, చెప్పు ఆవిడకి" అంటూనే అమ్మ చేతిసంచిలోంచి పూతరేకుల డబ్బా తీసింది. ఐదు రోజులు ఒళ్లో పెట్టుకుని మోసిన డబ్బా. ఆవిడ ఒకటి తీసుకుని, ఇది కాగితమా, తినొచ్చా అన్నట్టు వెలుతురుకి ఎత్తి చూసింది. కొరికింది. బెల్లంపొడి గడ్డం మీద రాలింది. బియ్యపు పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే ఆ రేకు వస్తుందని నేను చెబుతుంటే, అమ్మ గాల్లో చేత్తో లాగి చూపించింది. ఆవిడ లోపలికెళ్లి పల్చటి రొట్టె తెచ్చింది. లెఫ్సె అంటారు. గీతలున్న కర్రతో ఒత్తి, పెద్ద పెనం మీద కాల్చి, వెన్న, చక్కెర, దాల్చినచెక్క పొడి పూసి మడిచినది. తర్వాత చల్లటి ఆపిల్ రసం, రెండు గ్లాసుల్లో. ఈ ప్రాంతపు ఆపిల్ సైడర్‌కి, అంటే పులియబెట్టిన మత్తు పానీయానికి, 2009 నుంచి రక్షిత పేరు ఉంది, వేరే చోట చేసినదానికి ఆ పేరు పెట్టకూడదు. అమ్మ తాగదు కాబట్టి రసం. ఆ రసంలో మొదట పులుపు తగిలి, దవడల దగ్గర లాగి, తర్వాత తీపి వచ్చింది. స్టాక్‌హోమ్ సూపర్‌మార్కెట్లో కొన్న ఏ ఆపిల్ రసమూ నాకు ఇలా తగల్లేదు.

పేర్లు ఇచ్చిపుచ్చుకున్నాం గానీ, నంబర్లు తీసుకోవడం ఎవరికీ తోచలేదు.

ఆరో రోజు, శనివారం: ఫెర్రీలో స్వేలే, బెర్గెన్ వాన

చిన్సర్విక్ నుంచి ఊట్నె మీదుగా క్వాన్‌దాల్ దాకా ఫెర్రీ. ఈ తీరపు ఫెర్రీల తిండి స్వేలే. లావుగా, మెత్తగా ఉండే తీపి అట్టు, సగానికి మడిచి లోపల వెన్న, చక్కెర, లేదా బ్రూనోస్ట్ పెడతారు. చలిగాలిలో డెక్ మీద నిలబడి వేడిగా తినాలి. దారిలో నీళ్ల మీద గుండ్రటి పెద్ద వలలు వరసగా కనిపించాయి. సాల్మన్ పెంపకం.

నూర్‌హైమ్‌సుండ్ దగ్గర స్టైన్స్‌దాల్స్ జలపాతం వెనక నుంచి నడవొచ్చు. నీటి తెర వెనక నిలబడి చూస్తే అవతలి లోయ వణుకుతున్నట్టు ఉంది. అక్కడి నుంచి బెర్గెన్ గంటన్నర. ఊళ్లోకి రాగానే వాన. ఏడాదికి రెండు మీటర్లకి పైగా వాన పడే ఊరిది, మేం ఉన్న రెండు రోజులూ పడుతూనే ఉంది.

ఏడో రోజు, ఆదివారం: బెర్గెన్

రేవు పక్కన బ్రిగ్గెన్, వాలు కప్పుల చెక్క ఇళ్ల వరస. 14వ శతాబ్దం నుంచి జర్మన్ వర్తకులు ఇక్కడ కూర్చుని, ఉత్తరాది నుంచి వచ్చే ఎండు చేపలు కొని ధాన్యం అమ్మారు. 1702లో ఊరు కాలిపోతే మళ్లీ పాత తీరులోనే కట్టారు. ఇళ్ల మధ్య చెక్క సందుల్లో నడుస్తుంటే తడి కర్ర వాసన, తారు వాసన.

చేపల మార్కెట్లో అమ్మ అడుగులు నెమ్మదించాయి. కాడ్, హాలిబట్, పీతలు, అన్నింటి కళ్లూ మొప్పలూ చూసింది. సాల్మన్ దగ్గర ఆగి, "ఇది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏరుకి ఎదురీదుతుందట కదా? అయితే మన పులసే" అంది. అవును, కానీ ఇక్కడ అమ్మేదంతా దాదాపు వలల్లో పెంచినదే అని చెప్పాను. ఆ వలల్లో పుట్టే సముద్రపు పేలు పక్కనుంచి వెళ్లే అడవి సాల్మన్ పిల్లల్ని పట్టి చంపుతున్నాయి. తిరిగొచ్చే చేపలు ఎంతగా తగ్గాయంటే, 2024 జూన్‌లో నార్వే ప్రభుత్వం 33 నదుల్లో సాల్మన్ వేట ఆపేసింది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊరి మనిషికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర వలకి పులస పడటం ఎంత అరుదైపోయిందో అమ్మకి తెలుసు. ఆ పూట సాల్మన్ వద్దంది. మీగడ వేసిన కాడ్ చేపల సూప్ తాగాం. మిరియాలు దంచి వేస్తే ఇంకా బాగుండేదని ఇద్దరికీ అనిపించింది.

రాత్రి రైలెక్కి, మర్నాడు సాయంత్రానికి స్టాక్‌హోమ్ చేరాం.

బుధవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంట్లో కాగిన పాల వాసన. అమ్మ పన్నీరు కోసం రెండు లీటర్ల పాలు నిమ్మరసంతో విరగ్గొట్టిందట. ఎప్పుడూ సింకులో ఒంపేసే తేట నీళ్లు మూకుడులో సన్నమంట మీద ఉన్నాయి. మూడు గంటల నుంచి తిప్పుతోంది. నేను గరిటె అందుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి గీత నిలబడింది, రంగు పాత బెల్లానికి వచ్చింది. మిగిలింది అరచేతిలో పట్టేంత ముద్ద. నిమ్మరసం వేసినందుకు పులుపు తగిలింది, చివర్లో అమ్మ ఫోను మాట్లాడుతూ గరిటె ఆపినందుకు కొంచెం పలుకు కట్టింది.

"ఈసారి తోడుపెట్టి విరగ్గొడదాం. ఫోను కూడా నువ్వే ఎత్తు" అంది అమ్మ, గరిటె గీకుతూ.